పర్సులో గోల్డ్ కార్డు

అమెరికాలో ఎన్నికల హడావిడి నడుస్తున్న రోజులు. ఇక్కడ న్యూజీలాండ్‌లో, వెల్లింగ్టన్ బస్సులో నా ముందు నిలబడ్డ పెద్దాయన డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాడు. పర్సులో మాత్రం గోల్డ్ కార్డు కనిపిస్తోంది. అరవై అయిదు దాటినవాళ్ళు అది చూపిస్తే మధ్యాహ్నం పూట బస్సు ఫ్రీ. ఫ్రీని వదులుకునే మనిషిని చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు. పక్కనే కూర్చుని ఎందుకని అడిగేశాను.

"మాది అరిజోనా. ప్రభుత్వం ఏదీ ఊరికే ఇవ్వకూడదని కుర్రతనంలో ఇంటింటికీ తిరిగి చెప్పేవాణ్ణి. మొదటి ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాం. అయినా తిరగడం మానలేదు. చివరికి దేశమే మావైపు వచ్చింది."

"ఆ మాట చెబితే మా ఊళ్ళో గుమ్మం కూడా ఎక్కనివ్వరు," అన్నాను.

ఆయన నవ్వాడు. "మా ఇంట్లోనూ అంతే. నా భార్య కివీ, ఈ న్యూజీలాండ్ మనిషే. దేశాన్ని ఒప్పించాం గానీ ఆవిణ్ణి ఒప్పించలేకపోయాను. ఈ కార్డు పట్టుబట్టి తీయించింది ఆవిడే."

"వాడనప్పుడు మరి దగ్గర పెట్టుకోవడం ఎందుకు?"

ఆయన కార్డుని బొటనవేలితో పర్సులోకి ఇంకాస్త తోశాడు.

"ఆవిడ పోయి రెండేళ్ళయింది. మా వాదన ఇంకా తేలలేదు."

స్టాప్ రాగానే డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగిపోయాడు.

ఇప్పటికీ టీవీలో అమెరికా ఎన్నికలొస్తే, ఎవరు గెలుస్తున్నారో చూసేలోపే నాకా పర్సు గుర్తొస్తుంది.