విలాసిని చేతులు

మా శంకుణ్ణి వైద్యర్ మందులశాలకు పెళ్ళికూతుళ్ళు వచ్చేది ఆయన కోసం కాదు, విలాసిని కోసం. పట్టాంబి చుట్టుపక్కల ఏ పిల్లకు సంబంధం కుదిరినా తల్లి ముందు కనుక్కునేది విలాసిని ఖాళీగా ఉందా లేదా అనే. అప్పట్లో వరులు గల్ఫ్ నుంచి సెలవు మీద దిగి, చూపులూ పెళ్ళీ ఆ సెలవులోనే ముగించుకుని పోయేవారు. ఆ కాస్త వ్యవధిలోనే పిల్ల మొహం నిగనిగలాడాలి.

నేను ముందుగదిలో చూర్ణాలు పొట్లాలు కట్టేదాన్ని. వెనక స్నానాల గదిలోంచి విలాసిని మాటలు వినబడుతూనే ఉండేవి. మర్రి, రావి, మేడి, జువ్వి బెరళ్ళు పసుపుతో కాచిన నూనెను గోరువెచ్చగా అరచేతిలో పోసుకుని, పిల్ల నుదుటి దగ్గర మొదలుపెట్టేది.

"కళ్ళు మూసుకో మోళే, మా తల్లివి కదూ. అత్తగారి గురించి ఇప్పట్నుంచే ఆలోచించకు, మొహం ముడుచుకుపోతుంది."

పిల్ల కిసుక్కున నవ్వేది. పెసరపిండితో జిడ్డు వదిలిస్తుంటే, "నేను తెల్లబడతానా చేచ్చీ?" అని ఆ అక్కను అడగనిది ఒక్కతీ లేదు.

"నీ రంగు ఎక్కడికీ పోదు. దాని మీదున్న అలసట మాత్రం తీసేస్తా."

నలభైకి దగ్గర పడుతుండగా ఆమె చూపుడు వేలి మీద గోరంత బొల్లి మచ్చ పడింది. ముందు నూనె మరక అనుకుంది. పెద్దదయ్యాక చేతులకు కస్తూరి పసుపు దట్టంగా పట్టించి పనిలోకి దిగడం మొదలుపెట్టింది. పసుపు చేతుల మనిషిని ఎవరనుమానిస్తారు?

సుమంగల అనే పిల్లకు స్నానం చేయిస్తున్న రోజున నీళ్ళకు ఆ పసుపు కాస్తా కరిగిపోయింది. పక్కనే పీట మీద కూర్చున్న మేనత్త కమలం చూసింది.

"అయ్యో దేవుడా! ఆ చేతుల్తోనా మా పిల్ల మొహం రుద్దావు? లేవవే, లే! తువ్వాలు చుట్టుకో!"

"అంటుకునే జబ్బు కాదమ్మా ఇది. వైద్యర్‌నే అడగండి."

"అడిగేదేముంది, కళ్ళు లేవా నాకు?"

విలాసిని చెయ్యి కడుక్కుని నిలబడింది. "పిల్ల తెల్లబడాలనే కదా ఇంటిల్లిపాదీ వెంటబెట్టుకొచ్చారు? నేను తెల్లబడుతుంటే పరిగెత్తుతారేం?"

కేకలకు గుమ్మం దాకా వచ్చిన నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక కింద పడ్డ తువ్వాలు తీసి మడతపెట్టాను.

నెల తిరక్కుండానే స్నానాల గది బోసిపోయింది. వైద్యర్ ఆమెను పిలిచి, వెనక షెడ్డులో నూనెలు కాచే పని చూసుకోమన్నాడు.

"అంటుకోదని మీరే అన్నారుగా వైద్యరే?"

"అన్నాను. ఎవరడిగినా అంటాను."

"మరి నన్ను పొయ్యిల దగ్గరికి పంపడమెందుకు?"

ఆయన తల దించుకున్నాడు. "నేను చెబుతానన్నాను. వాళ్ళు వింటారనలేదుగా."

ఆయన మందు కూడా ఇచ్చాడు. బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చునేది. బొబ్బలెక్కాయి. కొన్నిచోట్ల రంగు తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. మచ్చ మెడ మీదికి, పెదవి చివరికి పాకింది. ఒకరోజు నూనె గిన్నె బోర్లించి పెట్టేసింది, ఇక రాసుకోలేదు. ఏటి మీద పడవ నడిపే ఆమె భర్త వేలుక్కుట్టి నవ్వించాలని చూసేవాడు. "నాకేం, ఒకటే పెళ్ళి ఖర్చు, ఇద్దరు పెళ్ళాలు. నల్లదొకతి, తెల్లదొకతి." ఆమె నవ్వేది కాదు. పొగలో కూర్చుని గరిటె తిప్పుతూ ఉండేది. పొట్లాల కాగితం కోసం నేను అటు వెళితే, కళ్ళనీళ్ళు పొగవల్లేనన్నట్టు మొహం తిప్పుకునేది.

ఆ కర్కాటక మాసంలో ఏరు పొంగింది. అవతలి గట్టున ఉండే కదీసుమ్మ కోడలు సైనబకు కాన్పయింది. బాలింతకు నూనె రాసి, ఆకుల నీళ్ళు పోసే మంత్రసాని వరదకు ఎక్కడో పొరుగూళ్ళో చిక్కుకుపోయింది. కదీసుమ్మ వేలుక్కుట్టి పడవలో ఏరు దాటి, గొడుగు పట్టుకుని నేరుగా మా షెడ్డుకే వచ్చింది.

"విలాసినీ, పద. వావిలాకు కోయించి పెట్టాను."

"ఉమ్మా, నా చేతులు చూశారా?"

"చూశా. మా గేదెకీ నుదుట తెల్లమచ్చ ఉంది, పాలివ్వడం మానిందా? నడువు, పిల్ల ఒళ్ళునొప్పులతో మూలుగుతోంది."

ఎన్నాళ్ళకో విలాసిని నవ్వడం అప్పుడు చూశాను. గరిటె నా చేతికిచ్చి ఆ వానలోనే పడవెక్కింది. వేలుక్కుట్టి ఆ ప్రవాహంలో ఎలా దాటించాడో గానీ, ఆమె సైనబ నడుము మీద చెయ్యి వేయగానే ఆ పిల్ల నిద్రలోకి జారుకుందట. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే, విలాసిని తెల్ల వేలిని వాడు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదట. ఇది సైనబ నాతో చెప్పింది. విలాసిని మాత్రం "వాడు ఒళ్ళంతా తడిపేశాడు" అని మాత్రమే అంది.

కదీసుమ్మ నోరు ఊరుకునేది కాదు. చేపల సంతలో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ కూర్చున్నా కోడలి ఒళ్ళు ఎలా తేరుకుందో చెప్పేది. ఎవరైనా మచ్చల మాటెత్తితే, "ఏడాదయింది, మా ఇంట్లో ఒక్కరికైనా వచ్చిందేమో వచ్చి చూసుకోండి" అని దులిపేసేది. బాలింతల ఇళ్ళు ఒక్కొక్కటే తలుపు తీశాయి. తర్వాత పెళ్ళికూతుళ్ళ ఇళ్ళూ తీశాయి. అన్నీ కాదు. కమలం వంటివాళ్ళు చివరిదాకా రానివ్వలేదు.

అప్పటికి ఆమె షెడ్డు పని మానేసింది. వైద్యర్ మళ్ళీ కబురు పెట్టాడు, స్నానాల గది నీదే అని. విలాసిని వచ్చి, అరుగు మీద కూర్చుని మర్యాదగానే చెప్పింది.

"మీ నూనె కొంటాను వైద్యరే, అంత బాగా ఇంకెవరూ కాచరు. పని మాత్రం మా పెరట్లోనే. అక్కడ నేను దేన్నీ దాచుకోనక్కర్లేదు."

ఆయన బతిమాలలేదు. ఆ పూట తనే నూనె వడగట్టి ఆమెకు సీసా నింపి ఇచ్చాడు.

ఇప్పుడామె మోచేతుల దాకా తెలుపే. ఎండ తగిలితే ఎర్రగా కందిపోతుంది. సాయంత్రం నేను అటు వెళ్ళినప్పుడు చూస్తుంటాను. గుమ్మంలో కూర్చుని చేతులు చాపుతుంది. వేలుక్కుట్టి తెడ్డు పట్టి కాయలు కాసిన తన వేళ్ళతో చల్లని కొబ్బరినూనె రాస్తూ గొణుగుతుంటాడు.

"ఊళ్ళో ఆడపిల్లలందరికీ నువ్వు, నీకు నేనా?"

"మెల్లగా రాయి. ఇది పడవ కాదు."