ములుగు లైను

1963లో నేను వరంగల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరును. నంబరు తిప్పితే తనంతట తానే కలిసే ఫోన్లు మాకింకా రాలేదు. ఎవరైనా రిసీవరు ఎత్తితే మా స్విచ్‌బోర్డు మీద ఆ నంబరు దగ్గర చిన్న రేకు పడేది. మేం ప్లగ్గు పెట్టి, ఎవరు కావాలో అడిగి, రెండో వైపు కలిపేవాళ్లం. బయటి ఊళ్లకు చేసేది ట్రంక్ కాల్. ప్రాణం మీదికొస్తే లైట్నింగ్ కాల్, అంటే మిగతావన్నీ ఆపి ముందు దాన్నే కలపాలి.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బజారులో కిరాణా దుకాణం నడిపే రాజవీరు ఫోను చేశాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషికి ఆ రోజు మాట తడబడుతోంది.

"బిడ్డా, ములుగు పోస్టాఫీసు కలుపు. లైట్నింగ్. బస్సు ఆపాలె."

లచ్చమ్మ అనే రైతు ఇంటావిడ మనవణ్ని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు సామాన్లు కొనుక్కుని ఏటూరునాగారం బస్సెక్కిందట. తినే సోడా పొట్లానికి బదులు పురుగుల మందు పొట్లం ఆమె మూటలోకి పోయింది. రెండూ తెల్లటి పొడులే. ములుగు దాటాక ఆమె దిగే ఊళ్లో ఫోను లేదు. సాయంత్రం బజ్జీల పిండిలో ఆ పొడే కలుస్తుంది.

ములుగుకు ఉన్నది ఒక్క లైను. మాట్లాడుతున్నవాళ్లను తప్పించి కలిపాను. పోస్టుమాస్టరు పలికారు గానీ, లైనంతా గరగర. రాజవీరు ఎంత అరిచినా ఆయనకు ఒక్క ముక్క అందడం లేదు. ఇద్దరి మాటల్లో ఆపరేటరు తలదూర్చకూడదని మా నియమం. నేను దూర్చాను. బోర్డు దగ్గర్నుంచి నా గొంతు కాస్త తేటగా వెళుతోంది. ఒక్కో మాటా విడదీసి చెప్పాను: బస్సు, లచ్చమ్మ, తెల్ల పొట్లం, విషం.

"బస్సు స్టాండుల్నే ఉన్నట్టున్నది. లైను తియ్యకమ్మా" అని ఆయన రిసీవరు బల్ల మీద పెట్టి పరుగెత్తారు.

అంతలో సూపర్‌వైజరు వచ్చి, ఎవరో పెద్ద ఆఫీసరు ములుగు లైను అడుగుతున్నాడన్నారు. సంగతి చెప్పాను. ఒకసారి తీస్తే మళ్లీ కలుస్తుందన్న నమ్మకం లేదన్నాను. ఆయన ఒక్క క్షణం బోర్డు వైపు చూసి, ఆఫీసరుకు ఆగమని చెప్పడానికి తానే వెళ్లారు. రాజవీరు మాటిమాటికీ "వచ్చిండా?" అని అడుగుతున్నాడు.

చివరికి పోస్టుమాస్టరు రొప్పుతూ వచ్చారు. కదిలిన బస్సుకు అడ్డం నిలబడ్డారట. పొట్లం దొరికింది. ఆ మాటే రాజవీరుకు చెబితే నమ్మలేదు.

"నువ్వు నన్ను ఊకోబెడుతున్నవేమో. ఆమె నోట వినాలె బిడ్డా."

లచ్చమ్మను పిలిపించారు. అంతకుముందు ఎన్నడూ ఫోను పట్టని మనిషి, పొలం అవతలి గట్టున ఉన్నవాళ్లను కేకేసినట్టు మాట్లాడింది. గరగరను చీల్చుకుని ఆ గొంతు నా సాయం లేకుండానే బజారుకు చేరింది.

"సావుకారీ, పొట్లం ఈడ్నే ఉన్నది. ఎవ్వలం ముట్టలే. నువ్వు ఫికర్ జెయ్యకు."

రాజవీరు ఏడుస్తున్నాడు.

"ఇన్నడా?" అని లచ్చమ్మ నన్ను అడిగింది. విన్నాడని చెప్పాను.

రెండు నంబర్లు కలిపితే నా పని అయిపోయిందని అప్పటిదాకా అనుకునేదాన్ని. కలవడం వేరు, అందడం వేరని ఆ రోజు తెలిసింది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చి మా బోర్డు తీసేసేదాకా, దవాఖాన కాలైనా, పత్తి ధర అడిగే కాలైనా, "మాట అందిందా?" అని అడిగాకే ప్లగ్గు తీసేదాన్ని.