బూందీకి ఆపరేషన్

సామర్లకోట చుట్టుపక్కల లోవరాజు చేతి వంట తినని పెళ్ళివారు తక్కువ. గాడిపొయ్యి దగ్గర నిలబడితే వెయ్యిమందికైనా కంగారుపడని మనిషి, తన గుమ్మంలోకి వచ్చినవాళ్ళు తినకుండా వెళితే మాత్రం ఆ పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికైనా రెండు గారెలు పెట్టందే కదలనివ్వడు.

“మీ మర్యాదలకి భయపడి జనం మన వీధిలోకి రావడం మానేస్తున్నారండి” అని భార్య వీరవేణి దెప్పుతూ ఉంటుంది.

బూందీ కూడా అలా తిండికి వచ్చి ఉండిపోయినదే. ఓ పెళ్ళిలో షామియానా వెనక అతను బూందీ దూస్తుంటే వచ్చి కాళ్ళ దగ్గర చేరిన నాటు కుక్కపిల్ల. ఆ పేరే పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఏ వేళకి ఇల్లు చేరినా దానికి ముద్ద పెట్టాకే తను కంచం ముందు కూర్చునేవాడు.

అలాంటి బూందీ వారంగా మెతుకు ముట్టడం లేదు. పాలన్నం కలిపాడు. కోడిమాంసం ఉడకబెట్టి ఎముకలు ఏరి పెట్టాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలాడు. మూతి తిప్పేసుకుంది. అంతమందికి వండిపెట్టే చేతులు ఒక్క కుక్కకి పనికిరాకుండా పోయాయని అతనికి ఏడుపొచ్చింది.

పశువుల క్లినిక్‌లో స్కానింగ్ చేసిన డాక్టర్ ఆశాజ్యోతి గర్భసంచి నిండా చీము పట్టిందని చెప్పింది. తీసేయకపోతే బతకదట. ఆరోజుకి సెలైన్, ఇంజెక్షన్లు ఇచ్చి మర్నాడు పొద్దున్న ఆపరేషన్‌కి తీసుకురమ్మంది.

“నొప్పి తెలుస్తుందాండి?” అన్నాడు లోవరాజు.

“మత్తులో తెలీదండి. పొట్ట మీద బొచ్చు గొరిగి కోస్తాం. కుట్లు నాకకుండా మెడకి గరాటులాంటిది కడతాం. రెండు మూడు రోజులు డల్‌గా ఉంటుంది, తర్వాత లేచి తిరుగుతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు. మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకొస్తుంది. పొరపాటున పెడితే చెప్పేయండి, మర్నాడు చేద్దాం.”

“పెట్టినా తినడం లేదు కదమ్మా” అంది వీరవేణి.

తెల్లారేసరికి ఇంజెక్షన్లు పనిచేశాయి. వీరవేణి స్నానానికి వెళ్ళింది. లోవరాజు పెరుగన్నం కలుపుకుంటుంటే బూందీ తనంతట తనే లేచి వచ్చి, తోక ఊపుతూ కంచం వైపు చూసింది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. డాక్టరు మాట మరిచిపోలేదు. గుర్తుంది. కానీ కోతకి వెళ్ళే ప్రాణిని ఖాళీ కడుపుతో గుమ్మం దాటించడమెలా? గుప్పెడు మెతుకులకి ఏమవుతుందిలే అనుకున్నాడు. పెట్టాడు. ఆ గుప్పెడు రెండు గుప్పెళ్ళయింది, మూడయింది.

క్లినిక్‌లో డాక్టరు మళ్ళీ అడిగింది. “ఏమీ పెట్టలేదు కదండి?”

“నీళ్ళు కూడా ముట్టనివ్వలేదమ్మా” అంది వీరవేణి ధీమాగా.

లోవరాజు నోరు తెరవబోయాడు. ఇప్పుడు చెప్తే ఆపరేషన్ ఆగిపోతుంది, ఇద్దరూ తననే చివాట్లు పెడతారు. గుప్పెడేగా అని మళ్ళీ సర్దిచెప్పుకున్నాడు. ఈలోగా బూందీని లోపలికి తీసుకెళ్ళిపోయారు.

ఎంతో సేపు కాకుండానే డాక్టరు బయటికొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“ఇంకా కొయ్యనేలేదండి. మత్తు ఎక్కుతుండగానే వాంతైంది. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయింది. చాలా ప్రయత్నించాం. దక్కలేదు.”

వీరవేణి అంతెత్తున లేచింది. “అన్నమేంటి? మేం పెట్టందే దాని కడుపులోకి అన్నం ఎక్కడ్నుంచొచ్చింది? చేతకాక చంపేసి, మా మీదకి తోసేస్తారా?”

ఆ చిన్నవయసు డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

“ఆవిణ్ణేం అనకే వేణీ. పొద్దున్న నేనే పెట్టేను” అన్నాడు లోవరాజు.

వీరవేణి అతనివైపు చూసింది. విరుచుకుపడుతుందని తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె బెంచీ మీద కూలబడి అడిగింది.

“తిందా?”

“తింది.”

“మూతి తిప్పుకోలేదా?”

“లేదు వేణీ. ఇంకొంచెం పెట్టమని చెయ్యి నాకింది. పెట్టేను.”