బస్సంతా ఉయ్యాలో

గోదావరిఖని నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో, నా ముందు సీట్లో ఒక పెద్దావిడ కిటికీకి తల ఆనించి సన్నగా పాడుతోంది. బాణీ బతుకమ్మ పాటదే. పండగ రోజులు కావు, మాటలూ ఆమె సొంతమే.

"దవాఖానల నా బిడ్డ ఉయ్యాలో, కండ్లు తెరుస్తలేదు ఉయ్యాలో..."

ఆమె పాట అక్కడే ఆగిపోయింది. పక్కనున్నామె "ఉయ్యాలో" అని అందుకుంది. వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది. చూస్తుండగానే బస్సులోని ఆడవాళ్లందరూ పలుకుతున్నారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. పెద్దావిడ మళ్లీ పాడింది.

దిగులేస్తే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా పాటలు వినేదాన్ని నేను.

"ఆమె మీకు తెలుసా అక్కా?" నా పక్కావిడను అడిగాను.

"ఎవలో ఎర్కలేదు చెల్లె. పాటెత్తుకున్నంక ఒక్కదాన్నే విడిచిపెడ్తమా? గట్ల సూస్తున్నవేంది, నువ్వు గూడ అను."