గాలి గొట్టానికి పసుపు ముద్ద

విమాన నిర్వహణ ఇంజినీరుగా నా చివరి పోస్టింగు కొనకనమిట్ల దగ్గర ఒక ప్రైవేటు రన్‌వే. నాలుగేళ్ళ కింద, దసరాకు వారం ముందర చేరినాను. రన్‌వే అంటే మరీ పెద్ద మాట. మార్కాపురం పలకల గనుల యజమాని సుబ్బారెడ్డి తన మెట్టపొలంలో చదును చేయించిన ఎర్రమట్టి బాట అది. ఒకే ఇంజిను, నాలుగు సీట్లు ఉన్న విమానం ఒకటి ఆయనకుండేది. ఆ బాట మీద మాకంటే కుందేళ్ళే ఎక్కువసార్లు టేకాఫ్ తీసుకునేవి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఇంజిను విప్పి బిగించినాక 'ఎగరడానికి యోగ్యం' అని ఇంజినీరు సంతకం పెడతాడు. ఆ సంతకం తప్పని తేలితే లైసెన్సు పోతుంది. మా కెప్టెన్ మూర్తి దానికి సొంతంగా ఇంకొకటి కలిపినాడు: సంతకం పెట్టినోడు మొదటిసారి పక్క సీట్లో కూర్చోవాల. ఇంతకు మించిన నాణ్యత పరీక్ష నేను యాడా చూడలేదు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే ఇంజిను పని ముగించి, తనిఖీ చేసి, సంతకం పెట్టినాను. తర్వాత పూజ. సుబ్బారెడ్డి తల్లి ఓబులమ్మ పసుపు గిన్నెతో విమానం చుట్టూ తిరుగుతా, ఎడమ రెక్క కింద వేలెడంత గొట్టం చూపించి, "ఇదేంది నాయనా?" అన్నది.

అది గాలి గొట్టం. ఇంజిను పెట్రోలు తాగే కొద్దీ ట్యాంకులో ఖాళీ అయిన చోటికి దాంట్లోంచే గాలి పోవాల. లేకుంటే పెట్రోలు కిందికి దిగదు. ఈ రెండు ముక్కలు చెప్పుంటే సరిపోయేది. కానీ చప్పటి నిజానికి తాలింపు పెట్టకుండా వడ్డించడం నాకు పుట్టుకతోనే రాదు.

"విమానానికి దిష్టి దూరేది దాంట్లోంచే పెద్దమ్మా. మొన్న కంభం చెరువు మీద ఒక కొంగ చూసిన చూపుకే ఇంజిను మూడు రోజులు మూలిగింది" అన్నాను.

ఆమె బుగ్గలు నొక్కుకున్నది. నేను నవ్వుకుంటా పోయి కెప్టెన్ పక్కన కూర్చున్నాను.

చక్రాల కింద నిమ్మకాయలు నలిగినాయి. విమానం లేచింది. తాటిచెట్టంత ఎత్తు పోయినామో లేదో ఇంజిను దగ్గింది, మళ్ళా దగ్గింది, బలం సగానికి పడిపోయింది. ఇట్లాంటప్పుడు వెనక్కి తిప్పకూడదు. తిప్పితే వేగం చచ్చి రాయి మాదిరి పడుతుంది. ముక్కు దించి, ఎదురుగా ఏముంటే దాంట్లో దిగాల. ఎదురుగా కోత అయిన సజ్జ చేను, దాంట్లో గొర్రెల మంద. కెప్టెన్ దించినాడు. మంద రెండుగా చీలి దారిచ్చింది. ఒక పొట్టేలు మాత్రం చివరిదాకా మాతో పోటీకి పరిగెత్తి, గెలిచింది.

కాపరి వచ్చి, "ఏందన్నా, మీకు పైనంతా చాలక ఈడికే రావాల్నా?" అన్నాడు.

కెప్టెన్ నా దిక్కు తిరిగినాడు. "ఇంజిను నీ చేతి పని. ఈ పూటే రిపోర్టు పంపిస్తా. లైసెన్సు మీద ఆశ వదులుకో."

ఇరవై రెండేళ్ళ లైసెన్సు. ట్యాంకు మూత తిప్పినాను. గాలి లోపలికి గుంజుకుంటా బుస్సుమన్నది. వంగి రెక్క కింద చూస్తే, గొట్టం నోట్లో బిగదట్టిన పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు.

"ఇంజిను తప్పు కాదు సార్! ఎవరో గొట్టం మూసినారు!" అని అరిచినాను.

అప్పుడే కొడుకుతో ట్రాక్టరు దిగిన ఓబులమ్మ, "ఎవరో ఏంది? నేనే! దిష్టి దూరేది దాంట్లోంచే అని, కొంగ చూపుకే ఇంజిను మూలిగిందని నువ్వే గదా నాయనా చెప్పింది? నేను గట్టిగా పెట్టబట్టే ప్రాణాలతో దిగినారు" అన్నది.

కెప్టెన్ వంగి ఆ ముద్దను వేలితో పెరికినాడు. రిపోర్టులో, గాలి గొట్టం మూసుకుపోయిందని, తనిఖీ తర్వాత విమానాన్ని కనిపెట్టుకుని ఉండనందుకు ఇంజినీరుకు హెచ్చరిక అని రాసినాడు. లైసెన్సు మిగిలింది. కొంగ సంగతి రాయలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. తనిఖీ పూజకు ముందు కాదు, తర్వాత. విమానం మీద పడే చివరి చెయ్యి ఇంజినీరుదే కావాల. రెండోది, యంత్రం దగ్గర ఎవరైనా 'ఇదేంది' అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాల. నిరుడు ఉద్యోగం వదిలేదాకా రెండూ పాటించినాను.

పొట్టేలు గెలిచిన మాట మాత్రం నిజమే.