మెడలో ఏలాడిన సెక్క

“అమ్మమ్మా, నీ మాటలు నాకు నేర్పుతావా? నీలాగే ‘ఏటి’, ‘సూడు’ అనాలనుంది” అని నిన్న ఫోన్లో అడిగినావు కదే గుంటా. నేర్పుతాను, దానికేటి. కానీ నువ్వలా అడిగినప్పుడే కిటికీలోంచి జీడిపిక్కల బట్టీ పొగ వచ్చినాది. ఆ కమురు వాసన తగిలితే నాకు గ్వెనమ్మే గుర్తొస్తాది.

గ్వెనమ్మని నువ్వెరగవు. ఇంగ్లీషోళ్ల పక్కనే వేల్సు అని ఓ సిన్న దేశముందంట, అక్కడి మనిషి. అరవై దాటిన నర్సు. పాతికేళ్ల కిందట, మీయమ్మ మూడో తరగతిలో ఉన్నప్పుడు, పలాస ఆసుపత్రికి పనికొచ్చి మన వీధి గదిలో ఉండేది. నాను బట్టీలో పిక్కలు కొట్టొస్తే, జీడి కారి పొక్కిన నా సేతులకి మందు రాసేది. “ఏటి సెల్లీ, కూడు తిన్నావేటి?” అని ఆ తెల్లమనిషి అడుగుతుంటే వీధంతా నవ్వీవోలు. నాకు సిగ్గేసేది. “మా మోటు మాట నీకెందుకప్పా? మంచి తెలుగు నేర్సుకో” అనీదాన్ని. “నువ్వు మాటాడేది ఇదే కదా” అనీది.

ఓ సాయంత్రం మీయమ్మ ఇంగ్లీషు బడి నుంచి మెడలో సెక్క ఏలాడేసుకుని వచ్చినాది. తెలుగు మాటాడిన గుంటలకి అదేస్తారు. ఇంకెవలైనా తెలుగు మాటాడితే పట్టుకుని ఆల మెడలో ఏసీయొచ్చు. శనివారం నాటికి ఎవుల మెడలో ఉంటే ఆలకి బెత్తం దెబ్బలు. మీయమ్మ ఎక్కెక్కి ఏడుస్తంది. నాను బడిని తిట్టినానా? నేదు. “ఏడుత్తావేటే! సెవులు రిక్కించుకుని ఉండు. ఎవుల్దో ఒకల్ది నోరు జారకపోద్దా?” అన్నాను.

గ్వెనమ్మ ఆ సెక్కని తిప్పి తిప్పి సూసినాది. మర్నాడు అరుగు మీద కూకుని సెప్పినాది. ఆల మామ్మ సదివిన బళ్లో కూడా ఇదే సెక్కంట, సొంత వేల్సు బాస మాటాడినందుకు. ఆ మామ్మ దాన్ని సొంత తమ్ముడి మెడలో ఏసిందంట. మరింక కడుపున పుట్టినోళ్లతో కూడా ఆ బాస మాటాడనేదంట.

“ఇప్పుడు మా దేశంలో ఆ బాసలోనే మంచి పద్యం కట్టినోళ్లకి సెక్క కుర్సీ సేసి, ఊరందరి ముందూ కూకోబెడతారు సెల్లీ” అని నవ్వినాది. నవ్వులా నేదది. “నాను పెద్దయ్యాక తరగతులకెల్లి నేర్సుకున్నాను. మంచం పట్టిన మామ్మ దగ్గరికెల్లి ఆ మాటల్లోనే పలకరించినాను.”

“ఏటన్నాది మామ్మ?”

సెప్పబోనాది. అంతలో మీయమ్మ గెంతుకుంటా వచ్చినాది.

“అమ్మా, సెక్క పోనాది! నౌపడ నుంచొచ్చే గుంట పరిగెడతా పడిపోయి, మోకాలు సీరుకుపోయి ‘ఓలమ్మో’ అన్నాది. పట్టీసి దాని మెడలో ఏసీసినాను!”

రోజూ దీనికి ఉప్పేసిన సింతకాయలు తెచ్చిపెట్టే గుంట అది. నాను మీయమ్మని ఎత్తుకుని ముద్దెట్టుకున్నాను. గ్వెనమ్మ లేసి గదిలోకెల్లి తలుపేసుకున్నాది.

తరవాతా నా సేతులకి మందు రాసేది. ఆ కబురు మాత్రం మళ్లీ ఎత్తనేదు. అడగడానికి నాకు మొకం సెల్లనేదు. ఆల దేశం ఎల్లిపోనాక ఉత్తరం రాయించినాను. జవాబు రానేదు.

మీయమ్మ ఇప్పుడు నాతో మంచి తెలుగు మాటాడతాది, బేంకులో ఆఫీసరుతో మాటాడినట్టు. మొన్న తలుపు సందున ఏలు నలిగినా “ఓలమ్మో” అననేదు. పెదాలు బిగించుకుని నిలబడిపోనాది. నాను నేర్పిన సదువే అది.

ఇప్పుడు నువ్వొచ్చి నా మాట అడుగుతున్నావు. మంచం మీది గ్వెనమ్మోల మామ్మ, మనవరాలి నోట తన మాట ఇని, ఏటన్నాదో?