మత్తు డాక్టరు బయటోడు

మల్కాజ్‌గిరి టెంట్‌హౌస్ సోమయ్య కోతలకు కొలత లేదు. తాను వేసిన షామియానా నీడకు ఒక ఎండాకాలం కాప్రా చెరువు ఎండకుండా మిగిలిందని చెప్పేవాడు. ఎవరైనా నవ్వితే, చెరువింకా తడిగానే ఉంది, పోయి చూసుకోమనేవాడు.

అలాంటి మనిషి చేతికి కొడుకు లక్ష్మణ్ ఒక ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చాడు. లక్ష్మణ్‌కు హైటెక్ సిటీలో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లిదండ్రుల వైద్యం కూడా కంపెనీ లెక్కలోనే. ఇంకేం, కాలనీలో ఎవరు తుమ్మినా సోమయ్య జేబులోంచి కార్డు బయటికొచ్చేది.

"గిది సూపిస్తే డాక్టర్లు లేచి సలాం కొడ్తరు!"

ఆ సలాం అందుకునే రోజు రానే వచ్చింది. భార్య బుచ్చమ్మ పిత్తాశయంలో రాళ్లు తేలాయి. ఆమె కడుపులో మౌలాలి గుట్ట పిల్లలు పెట్టిందని సోమయ్య ఊరంతా చాటి, కార్డు చెల్లే ఆసుపత్రినే వెతికి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆపరేషన్ చేయించాడు. అంతా బాగానే జరిగింది. ఇంటికి పంపుతామన్న రోజు బుచ్చమ్మ పొద్దున్నే చీర మార్చుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన పొయ్యి మీద కాచిన చాయ్ తాగాలని ఆమె తహతహ.

బిల్లు కౌంటర్లో కల్పలత అనే అమ్మాయి కంప్యూటర్ నుంచి తలెత్తకుండానే చెప్పింది.

"అంకుల్, మత్తు డాక్టర్ ఫీజు మీరు కట్టాలి."

"కార్డున్నది గదమ్మా!"

"కార్డు హాస్పిటల్‌కు. మత్తు డాక్టర్ బయటినుంచి వస్తరు. ఇన్సూరెన్స్‌ల ఆయన లేరు."

"ఏందీ? కోసుడు లోపల్నే అయ్యె. ఆయనేమన్న కిటికీలకెళ్లి సూది పొడిచిండా?"

"కట్టినంకనే డిశ్చార్జ్ అంకుల్."

"ముందుగాల చెప్పాలె గద!"

"మీరు అడగలే గద!"

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే పాట వినిపించింది. అది అయిపోయి మళ్లీ మొదలైంది. చివరికి పలికినావిడ ఆసుపత్రిని అడగమంది. ఆసుపత్రి ఇన్సూరెన్స్‌ను అడగమంది. లక్ష్మణ్ "మీటింగ్‌ల ఉన్న నాన్నా" అని పెట్టేశాడు. కౌంటరుకూ వార్డుకూ సోమయ్య తిరిగిన తిరుగుడుకు ఆ గచ్చు మీద బండిబాట పడిందంటే నమ్మాలి. పొద్దు తిరిగితే మంచం కిరాయి ఇంకో రోజుది పడుతుందని నర్సు చల్లగా చెప్పిపోయింది.

"ఏమంటున్నరు?" అంది బుచ్చమ్మ.

"మత్తు డాక్టర్ బయటోడంట. ఆయన పైసలు వేరేనంట."

బుచ్చమ్మ నవ్వబోయింది, కుట్లు లాగి పొట్ట పట్టుకుంది.

"'షామియానా నాది, జనరేటర్ బయటోడిది, గా కిరాయి వేరే.' తాళి కట్టినంక పెండ్లోల్లకు నువ్వు చెప్పేది గిదే గద! నీకు సుత ఒకడు దొరికిండు."

"జెర ఊకో! నేనెవరినన్న ఆపి కూసోవెట్టిన్నా?"

"ఇప్పుడైతే నన్ను కూసోవెట్టినవ్."

సోమయ్యకు ఒళ్లు మండింది. చేతిలో అంత డబ్బు లేక, పళ్లు కొరుక్కుంటూ, పైసలు సర్దమని లూకాకు ఫోన్ చేశాడు. మౌలాలిలో జనరేటర్లు కిరాయికిచ్చే మనిషి లూకా. ఇన్నేళ్లూ సోమయ్య పెళ్లివాళ్లకు చెప్పిన 'బయటోడు' అతడే.

ఏదో ఫంక్షన్ నుంచి వస్తూ లూకా జనరేటరున్న ట్రాలీ ఆటోతోనే గేటు ముందు దిగాడు. పైసలు కట్టి, "అన్నా, ఇవి సుత వేరే" అన్నాడు.

సోమయ్య కౌంటరు వైపు తిరిగాడు.

"బిడ్డా, నీ పెండ్లికి నన్నే పిలువు. మండపం ఉత్తగనే ఏస్త. కూసునే కుర్సీలు మాత్రం బయటోనివి!"

కల్పలత అప్పుడు కూడా తలెత్తలేదు.

బయట ట్రాలీ ముందు సీట్లో లూకా పక్కన ఒక్కరికే చోటు. బుచ్చమ్మ సంచితో సహా సర్దుకుంది. సోమయ్య తలుపు పట్టుకుని, జరగమన్నట్టు చూశాడు.

"ఏడికి జరగాలె? ఎనుకకు పో," అంది బుచ్చమ్మ. "జనరేటర్ పక్కన నిలబడు. ఇయ్యాల నువ్వే బయటోడివి."